నగరంలో వాగు బతకాలంటే ఒడ్డున చెట్లు నాటితే సరిపోతుందా?

ఏటిగట్టు:
నగరం మధ్య నుంచి పారే ఒక చిన్న వాగు ఒడ్డున మూడేళ్లుగా మా బృందం మొక్కలు నాటుతోంది. చెత్త ఏరేశాం, కంచె వేశాం. మొక్కలు ఏపుగా ఎదిగాయి కానీ వాగులో మాత్రం మార్పు లేదు, ఒక్క చేపపిల్ల కనబడదు. మొన్న ఒకాయన "మీరు మొదలుపెట్టాల్సింది ఒడ్డున కాదు, డాబాల మీద" అన్నారు. నాకు మింగుడుపడలేదు. మీరేమంటారు?

ఊటబావి:
వినడానికి కష్టంగా ఉన్నా ఆయన మాట నిజం. మట్టి నేల మీద పడ్డ వాన చాలావరకు ఇంకిపోయి, రోజుల తరబడి ఊటగా వాగులోకి చేరుతుంది. డాబా మీద, తారు రోడ్డు మీద పడ్డ వాన పైపులో దూకి నిమిషాల్లో వచ్చి పడుతుంది. ఆ పైపు మీ చెట్ల వేళ్ల కింద నుంచే వెళ్తుంది. ఆ నీళ్లకూ చెట్టుకూ సంబంధమే ఉండదు. అందుకే చిన్న జల్లుకే వాగు పొంగుతుంది, అడుగు కోసుకుపోతుంది, వాన వెలిసిన కాసేపటికే మళ్లీ పాదాలు తడిసేటన్ని నీళ్లే మిగులుతాయి. ఈ లక్షణాలనే 2005లో క్రిస్టఫర్ వాల్ష్, తోటి పరిశోధకులు 'అర్బన్ స్ట్రీమ్ సిండ్రోమ్' (నగర వాగుల జబ్బు) పేరుతో వివరించారు.

ఒక పని చేయండి. వాగులో దిగి ఒక రాయి తిరగేయండి. బాగున్న వాగైతే రాయి అడుగున మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు బల్లపరుపుగా అతుక్కుని ఉంటాయి. ఇసుక రేణువులు ఒక్కొక్కటే అతికించి గొట్టంలా గూడు కట్టుకున్న క్యాడిస్ పురుగులూ కనిపిస్తాయి. నేను చూసే వాగులో ఏ రాయి తిప్పినా నల్లటి జిగట బురద, అందులో మెలికలు తిరిగే సన్నటి ఎర్ర పురుగులు. ఆక్సిజన్ అంతంత మాత్రంగా ఉన్నా బతకగలిగే రకం అవి. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు గట్టు మీదే కూర్చుండిపోయాను.

నీడపట్టు:
ఊటబావి గారూ, చెట్లను అంత తేలిగ్గా తీసేయకండి. నీడ లేని వాగు ఎండకు కాగిపోతుంది, వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ నిలవదు. చిన్న వాగుల్లో పురుగులకు రాలిన ఆకులే తిండి. ఆ పురుగులు రెక్కలొచ్చి పైకి లేస్తే ఒడ్డున సాలీళ్లకూ గబ్బిలాలకూ పిట్టలకూ కడుపు నిండుతుంది. ఒడ్డు వరకూ రోడ్డు వేసేస్తే ఏమవుతుందో తెలుసా? తారు మీద మెరిసే కాంతి నీటి మీది కాంతిలాగే ఉండటంతో, మేఫ్లైలు రోడ్డునే ఏరనుకుని దాని మీద గుడ్లు పెడతాయి. హంగరీ పరిశోధకులు 1998లోనే దీన్ని వివరించారు. చదివినప్పుడు మనసు చివుక్కుమంది.

ఊటబావి:
చెట్లు వద్దని నేను అనలేదు నీడపట్టు గారూ. వాటి మీద మోయలేని బరువు పెడుతున్నాం అంటున్నాను. ఒడ్డు మట్టి తడిగా, గాలి చొరకుండా ఉంటేనే అందులోని బ్యాక్టీరియా, మురుగు నుంచీ ఎరువుల నుంచీ వచ్చే నైట్రేట్‌ను విడగొట్టి వాయువుగా వదిలేస్తుంది. వాగు అడుగు లోతుగా కోసుకుపోతే ఒడ్డు కింద నీటిమట్టమూ దిగిపోతుంది. చెట్లు పచ్చగానే కనిపిస్తాయి, కింద మట్టి మాత్రం ఎండిపోయి ఉంటుంది. నైట్రేట్ నేరుగా వాగులోకి పోతుంది. అమెరికాలోని బాల్టిమోర్ నగర వాగుల ఒడ్డున పరిశోధకులు చూసింది ఇదే.

ఇంకొకటి. అమెరికాలో సియాటిల్ పరిసరాల వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి వచ్చిన కోహో సాల్మన్ చేపలు వానలు పడగానే ఎందుకు చచ్చిపోతున్నాయో ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. చివరికి 2020లో తేలింది: టైర్లలో కలిపే 6పీపీడీ అనే రసాయనం గాల్లోని ఓజోన్‌తో కలిసి విషంగా మారుతోంది, రోడ్డు నీళ్లతో పాటు వాగులో పడుతోంది. పైపులో వచ్చే విషాన్ని ఒడ్డున ఉన్న చెట్టు ఆపలేదు కదా.

గట్టుకాపరి:
మీ ఇద్దరి మాటలూ బాగున్నాయి, కానీ ముంపులో ఉన్నవాళ్ల సంగతి కూడా చూడండి. అర్ధరాత్రి ఇంట్లోకి నీళ్లొస్తే ఎవరికీ మేఫ్లైలు గుర్తురావు. లాస్ ఏంజెలిస్‌లో 1938 వరద తర్వాతే నదిని కాంక్రీటు కాలువగా మార్చారు. సింగపూర్‌లో బిషాన్ పార్కు దగ్గర 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను తీసేసి, 2012 నాటికి 3.2 కిలోమీటర్ల వంపుల ఏరుగా మార్చగలిగారంటే పక్కనే పార్కు స్థలం ఉంది కాబట్టి. గోడకు గోడ ఆనుకుని ఇళ్లున్న చోట వాగుకు చోటెక్కడ?

ఊటబావి:
గట్టుకాపరి గారూ, ముంపు భయం చిన్నది కాదు, ఒప్పుకుంటాను. అయితే కాంక్రీటు కాలువ నీటిని తగ్గించదు, వేగంగా కింది పేటకు తోస్తుంది, అంతే. ఒడ్డున చోటు లేని చోట డాబాలే చోటు. మెల్‌బోర్న్ శివారులో లిటిల్ స్ట్రింగీబార్క్ క్రీక్ అనే వాగు కోసం చేసిన పని అదే. ఇళ్ల పైకప్పుల నీటిని ట్యాంకుల్లోకి, ఇంకుడు తోటల్లోకి మళ్లించారు. అందం వేరు, బతకడం వేరు. సియోల్‌లో 2005లో తెరిచిన చొంగ్గెచొన్ వాగు చూడముచ్చటగా ఉంటుంది, జనం సేదతీరుతారు. అందులో ఎక్కువ నీళ్లు మాత్రం హాన్ నది నుంచి పంపులతో తోడి పోసేవే.

ఏటిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. ఇవాళ పొద్దున వెళ్లి ఒక రాయి తిరగేశాను. ఎర్ర పురుగులే. మేం నాటిన కానుగ మొక్క దగ్గర గట్టు కోసుకుపోయి, వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి. ఇన్నాళ్లూ నేనది చూడనేలేదు. ఈ ఆదివారం కొత్త గుంటలు తవ్వం. వాగులోకి ఎన్ని పైపులు తెరుచుకుంటున్నాయో, ఏది ఏ వీధి నుంచి వస్తోందో రాసుకుంటాం.