స్కూల్ కాంప్లెక్స్ గూగుల్ షీట్‌లో వరసలు తారుమారవుతున్నాయి, కాపీలూ బయటికి పోతున్నాయేమో. ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న (కాంప్లెక్స్ పనులు చూసే టీచర్)

అందరికీ నమస్కారం. మా స్కూల్ కాంప్లెక్స్‌లో 14 బడులున్నాయి. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు అన్నీ ఒకే గూగుల్ షీట్‌లో నింపుతున్నాం. లింక్ వాట్సాప్ గ్రూప్‌లో ఉంది, ఎవరు తెరిచినా ఎడిట్ చేయగలరు. హెచ్‌ఎంలు (హెడ్‌మాస్టర్లు) ఎక్కువమంది ఫోన్లోనే నింపుతారు.

నిన్న ఎవరో పేర్ల కాలమ్ ఒక్కటే ఎంచుకుని సార్ట్ చేసినట్టున్నారు. పేరు ఒక పిల్లది, పక్కన ఖాతా నంబరు ఇంకో పిల్లది. స్కాలర్‌షిప్ డబ్బులు ఒకరివి ఒకరికి పడితే ఎంత గొడవ! పైగా ఒక ట్యూషన్ సెంటర్ వాళ్లు మా తల్లిదండ్రులకు వరసగా ఫోన్లు చేస్తున్నారట. నంబర్లు మా షీట్ నుంచే వెళ్లాయో లేదో తెలియదు కానీ టెన్షన్‌గా ఉంది. 'ప్రొటెక్ట్ షీట్' పెడితే సరిపోతుందా?

జవాబు (రిటైర్డ్ కంప్యూటర్ మాస్టారు)

మేడమ్, సరిపోదు. అది మార్పులను ఆపుతుంది కానీ కాపీని ఆపదు. అది భద్రత కోసం పెట్టింది కాదని గూగుల్ తన సహాయ పేజీలోనే చెప్పింది. దాని సంగతి తర్వాత చూద్దాం. ఇప్పటికిప్పుడు చేయాల్సిన పని వేరే ఉంది.

షేర్ బటన్ నొక్కి, 'జనరల్ యాక్సెస్' దగ్గర 'ఎనీవన్ విత్ ద లింక్' తీసేసి 'రిస్ట్రిక్టెడ్' పెట్టండి. ఆ క్షణం నుంచి, మీరు మెయిల్ ఐడీతో చేర్చినవాళ్లకు తప్ప ఆ లింక్ ఎవరికీ తెరుచుకోదు. ఆ గ్రూప్‌లో బదిలీ అయిపోయినవాళ్లు కూడా ఉండే ఉంటారు.

ఇక తారుమారైన వరసలు. కంప్యూటర్లో ఫైల్ మెనూలో 'వెర్షన్ హిస్టరీ' తెరవండి. సార్ట్ జరగకముందు సమయం చూసుకుని, ఆ వెర్షన్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'మేక్ ఎ కాపీ' ఎంచుకోండి. 'రీస్టోర్' మాత్రం తొందరపడి నొక్కకండి. నొక్కితే షీట్ మొత్తం పాత స్థితికి వెళ్తుంది, ఆ తర్వాత మిగతా హెచ్‌ఎంలు నింపిందంతా ఆ షీట్‌లో కనిపించకుండా పోతుంది. కాపీ తీసుకుంటే, చెడిన భాగాన్ని అందులోంచి తెచ్చి సరిచేసుకోవచ్చు. ఒకే సెల్ మీద అనుమానముంటే రైట్ క్లిక్ చేసి 'షో ఎడిట్ హిస్టరీ' చూడండి. లింక్ అందరికీ తెరిచి ఉన్నన్నాళ్లూ లాగిన్ కాకుండా వచ్చినవాళ్ల పేర్లు మాత్రం తెలియవు.

ఇంకో సభ్యుడు

మాస్టారూ, ఆధార్ కాలమ్ హైడ్ చేసేస్తే చాలు కదా? మా మండలంలో అలాగే చేస్తాం.

జవాబు (మాస్టారు)

చాలదండీ. ఎడిట్ హక్కు ఉన్నవాళ్లు ఒక్క క్లిక్‌తో అన్‌హైడ్ చేస్తారు. కాపీ తీసుకున్నవాళ్ల ఫైల్లోకి దాచిన కాలమ్ కూడా వెళ్తుంది.

షేర్ విండోలో పైనున్న గేర్ బొమ్మ నొక్కితే రెండు టిక్కులు కనిపిస్తాయి. ఎడిటర్లు ఇంకొకరికి షేర్ చేయనిచ్చేది ఒకటి. చూసేవాళ్లకు, కామెంట్ పెట్టేవాళ్లకు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ కనబడనిచ్చేది ఇంకొకటి. రెండూ తీసేయండి. కానీ ఆ రెండోది చూసేవాళ్లకు, కామెంట్ పెట్టేవాళ్లకే. ఎడిటర్‌కు అడ్డు ఉండదు. మేడమ్ షీట్‌లో 14 మంది హెచ్‌ఎంలూ ఎడిటర్లే! 'ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్' పెట్టి ఎవరి ట్యాబ్ (ఫైల్లోని ఒక్కో పేజీ) వాళ్లకే ఇచ్చినా, ఒక్కొక్కరు 14 బడుల డేటాను కాపీ తీసుకోగలరు. ఆ కాపీకి యజమాని వాళ్లే కాబట్టి మీరు వేసిన తాళాలు అక్కడ పనిచేయవు.

అందుకే నా సలహా, ఒక బడికి ఒక ఫైల్. ఆ బడి హెచ్‌ఎం మెయిల్‌కు మాత్రమే ఎడిట్ ఇవ్వండి. మీ దగ్గర ఒక మాస్టర్ ఫైల్ పెట్టుకుని 'ఇంపోర్ట్‌రేంజ్' ఫార్ములాతో అన్నీ అందులోకి లాగండి. ఫైల్ లింక్ ఒక జత కొటేషన్లలో, ట్యాబ్ పేరుతో పాటు రేంజ్ (ఏ సెల్ నుంచి ఏ సెల్ దాకా) ఇంకో జతలో, మధ్యలో కామా. మొదటిసారి ఎర్రర్ చూపిస్తుంది, కంగారుపడకండి. ఆ సెల్ మీద 'అలౌ యాక్సెస్' నొక్కితే వచ్చేస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. ఒకసారి అనుమతిచ్చాక, మాస్టర్ ఫైల్లో ఎడిట్ హక్కు ఉన్న ఎవరైనా ఆ బడుల ఫైళ్లలోంచి ఏ భాగాన్నైనా లాగగలరు. కాబట్టి మాస్టర్ మీ ఒక్కరి దగ్గరే ఉండాలి. పై ఆఫీసుకు కావాలంటే మొత్తాలు మాత్రమే ఉన్న వేరే ఫైల్ ఇవ్వండి.

తాళాలకు ఇక్కడ కూడా పనుంది. ప్రతి బడి ఫైల్లో హెడింగ్ వరసను, యూడైస్ కోడ్‌ను (బడి గుర్తింపు నంబరును) డేటా మెనూలో ప్రొటెక్ట్ చేసి 'ఓన్లీ యూ' పెట్టండి. 'షో ఎ వార్నింగ్' పెడితే హెచ్చరిక వస్తుంది గానీ మార్పు ఆగదు. పేర్ల వరసక్రమంలో చూడాలనుకునే హెచ్‌ఎంలకు 'ఫిల్టర్ వ్యూ' నేర్పండి. అందులో సార్ట్ చేస్తే వాళ్లకు కనిపించే తీరు మారుతుంది తప్ప అసలు వరసలు కదలవు. చాలా గొడవలు దురుద్దేశంతో జరిగేవి కావు, ఫోన్లో వేలు తగిలి జరిగేవే.

ఇంకో సభ్యురాలు

మేమైతే ఎక్సెల్‌లో పాస్‌వర్డ్ పెట్టి మెయిల్ చేస్తాం. అది గట్టిదేనా సర్?

జవాబు (మాస్టారు)

ఏ పాస్‌వర్డ్ అన్నదాన్ని బట్టి ఉంటుందమ్మా. 'రివ్యూ' మెనూలోని 'ప్రొటెక్ట్ షీట్' బలహీనం. ఎక్సెల్ ఫైల్ అంటే నిజానికి ఒక జిప్ ఫైల్. విప్పి అందులో ఒక ముక్క తీసేస్తే ఆ తాళం పోతుంది. 'ఫైల్', 'ఇన్ఫో', 'ప్రొటెక్ట్ వర్క్‌బుక్', 'ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్' దారిలో పెట్టేది వేరు, అది నిజంగా గట్టిది. పాస్‌వర్డ్ లేకుండా ఫైల్ అసలు తెరుచుకోదు. మర్చిపోతే మైక్రోసాఫ్ట్ కూడా తెచ్చివ్వలేదు. ఫైల్ పంపిన మెయిల్లోనే పాస్‌వర్డ్ రాయకండి, ఫోన్ చేసి చెప్పండి.

అందరికీ ఒక్క మాట. స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీస్తే ఏ సెట్టింగూ ఆపలేదు. ఇప్పటికే డౌన్‌లోడ్ అయినవాటిని వెనక్కి తేలేం. అందుకని షీట్‌లోకి ఏం రావాలో ముందే ఆలోచించండి. సరిపోల్చుకోవడానికే అయితే ఆధార్ చివరి నాలుగు అంకెలు చాలు. ఖాతా నంబరు అక్కర్లేని పనికి ఆ కాలమ్ పెట్టకండి. మనల్ని నమ్మి వివరాలిచ్చింది పిల్లల తల్లిదండ్రులు.

ప్రశ్న అడిగిన టీచర్

చాలా థాంక్స్ మాస్టారూ. లింక్ ఆపేశాను, వరసలు సరిచేశాను, బడికో ఫైల్ చేశాను. ఒక హెచ్‌ఎం సర్‌కు మాత్రం మెయిల్ చేర్చినా 'రిక్వెస్ట్ యాక్సెస్' అనే వస్తోంది. ఆయనకొక్కరికి లింక్ ఓపెన్ చేయమంటారా?

జవాబు (మాస్టారు)

వద్దు మేడమ్. ఆయన ఫోన్లో రెండు జీమెయిల్ ఖాతాలున్నాయేమో చూడమనండి. షీట్స్ యాప్‌లో పైన కుడివైపు ఫొటో నొక్కి, మీరు చేర్చిన ఖాతాకు మారితే తెరుచుకుంటుంది. ఆయన పంపిన రిక్వెస్ట్ మీ మెయిల్‌కు వచ్చి ఉంటుంది. అది ఆయన ఐడీయేనని ఫోన్లో అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి. పేరు చూసి మాత్రం ఒప్పుకోకండి, ఎవరి పేరైనా పెట్టుకుని ఖాతా తెరవొచ్చు.