డిజిటల్ లైబ్రరీలో పుస్తకం ఉంటే చాలా, దొరకొద్దా?

పరిశోధక విద్యార్థి, తెలుగు శాఖ: డిజిటల్ లైబ్రరీలు ఉన్నా పిల్లలు వాడరని అందరూ మమ్మల్నే అంటారు. అసలు అవి వాడేలా ఉన్నాయా? ఒకప్పటి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు బోలెడు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో ఉన్నాయి. చాలావాటి పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టినవి. తెలుగులో టైప్ చేసి వెతికితే ఎదురుగా ఉన్న పుస్తకమే దొరకదు.

లైబ్రేరియన్: పేర్ల సంగతి నిజమే. కానీ తప్పంతా అక్కడే లేదు. కాలేజీలకు ఈ-పుస్తకాలు, పరిశోధన పత్రికలు ఆన్‌లైన్‌లో అందించే ఎన్-లిస్ట్‌లో చేరిన కాలేజీలో లాగిన్ అడిగితే చాలు, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. అడిగేదెవరు? అవగాహన తరగతి పెడితే హాజరు కోసం వస్తారు. 2025 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13 వేల పరిశోధన జర్నల్స్ తెరిచారు. వాటిలో ఒక్కటైనా చూశారా?

ప్రైవేటు కాలేజీ ఎంకామ్ విద్యార్థి: మేడమ్, అది ప్రభుత్వ సంస్థలకే. మమ్మల్ని గేటు దగ్గరే ఆపేస్తుంది. మాకు దిక్కు శోధగంగ, అంటే పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా ఉంచే వెబ్‌సైట్. అక్కడ చాలా సిద్ధాంత గ్రంథాలు ముక్కలుగా ఉంటాయి: పేరు పేజీ ఒక పీడీఎఫ్, సర్టిఫికెట్ ఒకటి, ప్రతి అధ్యాయం ఒకటి. ఏ ముక్కలో ఏముందో తెరిస్తేగానీ తెలియదు. ఫోన్‌లో, అదీ బస్సులో, ఇది అయ్యే పనేనా?

పరిశోధక విద్యార్థి: మేడమ్, తరగతులు వద్దనను. అయితే డౌన్‌లోడ్‌లు లెక్కపెట్టి 'వినియోగం బాగుంది' అని రిపోర్టు రాస్తే, దొరక్క వెనక్కి పోయినవాడు అందులో కనిపించడు. ఒక ఎంఏ విద్యార్థి చేతికి ఫోన్ ఇచ్చి, ఒక పాత పుస్తకం పేరు చెప్పి, నోరు మెదపకుండా పక్కన కూర్చోండి. ఎక్కడ ఆగాడో, చివరికి గూగుల్‌కి ఎప్పుడు పారిపోయాడో రాసుకోండి. యూనికోడ్‌కి (తెలుగు అక్షరాలకు అన్ని చోట్లా ఒకే కోడ్ ఇచ్చే పద్ధతికి) ముందు ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేయమనండి. పేస్ట్ చేస్తే వచ్చే పిచ్చి గుర్తులు మీరూ చూస్తారు.

లైబ్రేరియన్: సరే, ఈ సెమిస్టర్‌లో కూర్చోబెడతాను. పుస్తకాల పేర్లు తెలుగులో సరిచేసే పని మాత్రం మా ఇద్దరు ఉద్యోగులతో అయ్యేది కాదు. మీ శాఖ దాన్ని ప్రాజెక్టుగా తీసుకుని మార్కులు వేస్తుందా? మీ హెచ్‌ఓడీ గారిని అడిగి చెప్పండి.