కొండ ఎక్కేటప్పుడు పవర్ పడిపోయి చెక్ ఇంజిన్ లైట్ వస్తోంది, ఏం చూడాలి?

వైజాగ్‌లో ఉంటాం. 2015 డీజిల్ బండి, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. సింహాచలం కొండ ఎక్కుతుంటే మూడో గేర్‌లో 2200 ఆర్‌పీఎం దాటగానే పికప్ చచ్చిపోయి చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోంది, ఎంత తొక్కినా లాగట్లేదు, పక్కకి ఆపి కీ ఆఫ్ చేసి రెండు నిమిషాలాగి స్టార్ట్ చేస్తే మామూలుగానే వెళ్తోంది. బీచ్ రోడ్డులో అయితే వారమైనా రాదు.

స్కానర్‌లో పీ0299 కోడ్ వచ్చింది, అంటే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది) ప్రెజర్ చాలట్లేదని. డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్పించా, మ్యాఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని కొలిచేది) క్లీన్ చేయించా, కోడ్ చెరిపినా మూడ్రోజులకి మళ్ళీ అదే. నిన్న బానెట్ ఎత్తి చూస్తే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) పైపు క్లాంపు దగ్గర వేలికి నల్లగా ఆయిల్ అంటింది, టర్బో యాక్చువేటర్‌కి (టర్బో ప్రెజర్‌ని అదుపు చేసే భాగం) వెళ్ళే సన్న వాక్యూమ్ గొట్టం కూడా గట్టిపడి చిన్న బీట కనిపించింది. మెకానిక్ ఏమో టర్బోనే మార్చేయాలంటున్నాడు, పిల్లలతో ఘాట్ మీద ఆగిపోతుంటే నిజంగా భయమేస్తోంది.

టర్బో జోలికెళ్ళే ముందు ఆ పైపు, వాక్యూమ్ గొట్టం, యాక్చువేటర్ మూడిట్లో ముందు ఏది, ఎలా చెక్ చేయించమంటారు?