మేము ఇంట్లో ఉన్న రోజుల్లో మా పని ఎవరు చేస్తున్నారు?

ప్రశ్న (జీతాల లెక్కలు చూసే ఉద్యోగిని)

నేను ఒక ఆసుపత్రిలో జీతాల లెక్కలు చూస్తాను. వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. రానూపోనూ పట్టే రెండు గంటలు మిగులుతున్నాయి, కంటినిండా నిద్ర ఉంటోంది, లెక్కల్లో తప్పులు కూడా తగ్గాయి. ఈ వెసులుబాటును వదులుకోవాలని నాకు లేదు.

అయితే మొన్న ఆఫీసుకు వెళ్లినప్పుడు ఒక సంగతి కంటపడింది. మేము లేని రోజుల్లో వచ్చే బిల్లులు, సెలవు దరఖాస్తులు స్కాన్ చేసి మాకు పంపేది రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి. జీతం తక్కువ పడిందని వచ్చే నర్సులకు సమాధానం చెప్పేదీ ఆమే. ఆ పనులేవీ ఆమె ఉద్యోగంలో భాగం కావు. మూడేళ్లుగా చేస్తోంది, ఎవరూ చెప్పమనలేదు కనుక చెప్పలేదు. నేను ఇన్నాళ్లూ గమనించనే లేదన్నది నన్ను నిలవనీయడం లేదు.

అమెరికాలో పూర్తిగా ఇంటి నుంచి చేయగలిగిన ఉద్యోగాలు 37 శాతమేనని 2020లో జొనాథన్ డింగెల్, బ్రెంట్ నీమన్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. మరి మిగిలినవారికి ఏమివ్వాలి? మీ దగ్గర ఏం చేస్తున్నారు?

జవాబు 1 (ల్యాబ్ టెక్నీషియన్)

రక్త నమూనాలను ఇంటికి తెచ్చుకోలేను కదా, ఇంటి నుంచి పని నేను అడగను. నాకు కావలసింది డ్యూటీ చార్టు. రాత్రి షిఫ్టు ఉందని అదే రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పేవారు. ఇప్పుడు నెల చార్టు 15 రోజుల ముందే గోడకు అంటిస్తున్నారు, ఇద్దరు ఒప్పుకుంటే షిఫ్టు మార్చుకోవచ్చు. మా అమ్మను డాక్టరుకు చూపించే రోజును ఇప్పుడు నేనే నిర్ణయించుకోగలుగుతున్నాను.

జవాబు 2 (కాల్ సెంటర్ ఉద్యోగి)

ఇంట్లో ఉన్నవారికీ నష్టం ఉందండీ. చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సంస్థ కాల్ సెంటర్‌లో ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం తొమ్మిది నెలలు ప్రయోగం చేసింది. ఇంటి నుంచి చేసినవారి పనితీరు 13 శాతం పెరిగింది. కానీ అంతే బాగా పనిచేసిన ఆఫీసువారితో పోలిస్తే పదోన్నతిలో వెనకబడ్డారు. నాకూ అదే జరిగింది. నెలనెలా ఎక్కువ కాల్స్ తీసుకున్నది నేను, టీమ్ లీడర్ అయింది రోజూ మేనేజర్ ఎదురుగా కూర్చున్నవారు.

జవాబు 3 (ఇంట్లో కుట్టుపని చేసే మహిళ)

ఇంటి నుంచి పని 2020లోనే పుట్టినట్టు మాట్లాడతారెందుకు? నేను పద్దెనిమిదేళ్లుగా చొక్కాల కాలర్లు కుడుతున్నాను. కుట్టినదాన్ని బట్టే కూలి. కరెంటు నాది, మిషను మరమ్మతు నాది, కుట్టు వంకరపోతే కోత కూడా నాకే. ఇంట్లో పనిచేసే కార్మికులను మిగతా వేతన కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒప్పందం చేసింది. దాన్ని ఆమోదించిన దేశాలు కొద్దే. ఇంటి నుంచి పని చేసేవారిని లెక్కించేటప్పుడు మమ్మల్నీ కలపండి.

ప్రశ్న అడిగినవారు

కుట్టుపని చేస్తున్న అమ్మా, నా ప్రశ్నలో మీకు చోటే లేకపోయింది, క్షమించండి.

మా విభాగంలో రోజుకొకరం వంతులవారీగా ఆఫీసులో ఉండాలని, స్కానింగ్ పనికి ఆ అమ్మాయికి అదనపు భత్యం ఇవ్వాలని రాసి పెడుతున్నాను. పంపేముందు ఆమెకు చూపిస్తాను. ఆ పని ఆమె అసలు ఉంచుకోవాలనుకుంటోందో లేదో నేనింకా అడగలేదు.