సైకాలజీ డిగ్రీలో రీసెర్చ్: మేడమ్‌ని ఎలా అడగాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో బీఏ సైకాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. మా మేడమ్ పిల్లల జ్ఞాపకశక్తి మీద పనిచేస్తున్నారు. ఆమె దగ్గర చేరాలని ఉంది కానీ అడగాలంటే టెన్షన్. స్టాటిస్టిక్స్ కూడా అంతంతమాత్రమే. ఏమని అడగాలి?

ఒక సీనియర్: 'రీసెర్చ్ చేయాలనుంది మేడమ్' అని మాత్రం అనకు. నేను అలా అంటే మా సార్ 'దేని మీద?' అన్నారు. నీళ్లు నమిలాను. వారం తర్వాత ఆయన రీసెర్చ్ పేపర్ ఒకటి చదివి ఒకే ప్రశ్నతో వెళ్లాను: 'నాలుగు', 'ఎనిమిది' పలకడానికి ఇంగ్లిష్ అంకెల కన్నా ఎక్కువసేపు పడుతుంది కదా, అంకెలు గుర్తుపెట్టుకునే పరీక్షలో తెలుగు పిల్లల స్కోరు తగ్గదా అని. 1980లో ఎల్లిస్, హెన్నెలీ అనే పరిశోధకులు వేల్స్‌లో మాట్లాడే వెల్ష్ భాష అంకెలతో చూపించింది అలాంటిదేనంటూ కూర్చోబెట్టి చెప్పారు.

తర్వాత రెండు నెలలు ఎక్సెల్‌లో స్కోర్లు ఎక్కించడమే! ఒకసారి ఒక గడి కిందికి జరిగి నలభై మంది పిల్లల వయసులు తారుమారయ్యాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సార్ తిట్టలేదు, అసలు కాగితాలతో మళ్లీ సరిచూడమన్నారు.

మరొకరు: స్టాటిస్టిక్స్‌కి భయపడకండి. జాస్ప్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం, రెండు గుంపుల సగటులను పోల్చే టీ-టెస్ట్‌తో మొదలుపెట్టండి. పిల్లలతో పని కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు వచ్చాకే బడికి వెళ్లాలి.

ఇంకొకరు: పేపర్‌లో పేరు ఉంటుందా అని మొదటి రోజే అడగొద్దు. అలాగని చివరిదాకా ఆగొద్దు కూడా. నేను ఆగి నష్టపోయాను.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండీ. మేడమ్ పేపర్ ప్రింట్ తీసుకున్నాను. రెండో పేజీలోనే ఆగిపోయాను, అక్కడే ఒక ప్రశ్న దొరికింది.