తాలు: మిరప మాటా, వడ్ల మాటా?

మా గుంటూరు యార్డులో తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయ. నిఘంటువు తెరిస్తేనేమో గింజ కట్టని వడ్లు, అంటే పొల్లు. ఈ రెంటిలో ఏది ముందు? గూగుల్‌లో కొడితే సంబంధం లేనివన్నీ వస్తున్నాయి. తెలిసినవాళ్ళు చెప్పండి.

*

తమ్ముడూ, ముందు వెతికే తీరు మార్చు. ఒట్టి తాలు అని కొడితే దగ్గరగా ఉన్నవన్నీ తెచ్చి కుప్ప పోస్తుంది. "తాలు" అని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన క్వింటా, గుంటూరు అని మామూలుగా కొట్టు, మిర్చి ధరల వార్తలు పైకి వస్తాయి. కొటేషన్లో పొడుగు మాట మాత్రం పెట్టకు. "తాలు కాయలు" అని పెట్టావనుకో, తాలుకాయలు అని కలిపి రాసినవీ, తాలు కాయలకు, తాలు రకం అని రాసినవీ జారిపోవచ్చు, మన విభక్తులు మాటకే అతుక్కుపోతాయి కదా, ఇంగ్లీషులో ఉన్నంత సుఖం ఇక్కడ లేదు. రెండు రూపాలూ కావాలంటే వాటి మధ్య ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఆర్ (OR) అని కొట్టాలి.

వడ్ల తాలు ఒక్కటే చూడాలంటే మైనస్: "తాలు" -మిర్చి -మిరప. మైనస్‌కు ముందు ఖాళీ ఉండాలి, తర్వాత ఉండకూడదు. ఇందులో ఒక తిరకాసుంది. మార్కెట్ ధరల పేజీల్లో వరీ మిర్చీ రెండూ ఉంటాయి, మిర్చి తీసేయమంటే ఆ పేజీ మొత్తం ఎగిరిపోతుంది. అందుకే నేను మైనస్ ఆఖర్న వాడతా.

పాత వాడుకలకైతే ఇంగ్లీషులో సైట్ (site) అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా పాత పుస్తకాలుండే తెలుగు వికీసోర్స్ చిరునామా ఇవ్వు, అక్కడ మాత్రమే వెతుకుతుంది. ఒట్టి బొమ్మలుగా స్కాన్ చేసిన పుస్తకాలకు ఇవేవీ పనిచేయవు, పేజీలు తిప్పుకోవాల్సిందే.

నీ ప్రశ్నకొస్తే, వడ్లదే ముందని నేనంటా. మిరప మన దేశానికి వచ్చిందే 16వ శతాబ్దంలో, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో. వరి అంతకు వేల ఏళ్ళ ముందునుంచీ ఉంది. పొల్లు గింజ పేరే పనికిరాని కాయకూ పెట్టి ఉంటారు.

*

అన్నా, మైనస్ పెట్టి చూశా, తాలు గింజలు అని వ్యవసాయం పేజీలు వచ్చాయి. మా నాయనమ్మ పసలేని కబుర్లను తాలు మాటలు అనేది, అదీ ఇదేనా?

*

ఇదే అయ్యుంటుంది, గింజ లేనివేగా అవీ. "తాలు మాట", "తాలు మాటలు" రెండూ కొటేషన్లలో పెట్టి మధ్యలో ఆర్ కొట్టి చూడు, ఏమొచ్చిందో ఇక్కడే పెట్టు.