పడమటి హాలుకి గంధం రంగా, పీచ్ రంగా?

ప్రశ్న: ఒంగోలులో కొత్త ఇల్లు. హాలు 12×14 అడుగులు, ఎత్తు 10. కిటికీలు రెండూ పడమరకే. కింద చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు. షేడ్ కార్డులో లేత గంధం, పీచ్ రెండూ నచ్చాయి. ఏది వేయించమంటారు? పెయింటు ఎంత పడుతుంది?

జవాబు: గంధమే వేయించండి. సాయంత్రం నాలుగున్నర దాటితే పడమటి ఎండ ఎర్రబడుతుంది. పీచ్‌లో ముందే ఎరుపు ఉంది, రెండూ కలిసి గోడ కమలాపండు తొక్కలా కనిపిస్తుంది. పైగా ఎదురెదురు గోడల రంగు ఒకదాని మీద ఒకటి పడి, కార్డులో చూసినదానికన్నా ముదురుగా తేలుతుంది. నల్ల గ్రానైటు వెలుతురు మింగేస్తుంది. అందుకని కార్డులో నచ్చినదానికి ఒక మెట్టు లేతది తీసుకోండి. ఆ రాయిలో బంగారు చుక్కలకు గంధం చక్కగా కుదురుతుంది.

పెయింటు లెక్క: గోడలు 520 చదరపు అడుగులు, తలుపులు కిటికీలు 70 తీసేస్తే 450. నున్నటి గోడ మీద మంచి ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ పెయింటు) రెండు పూతలకు లీటరుకు 120 చదరపు అడుగుల దాకా వస్తుంది. 4 లీటర్ల డబ్బా ఒకటి సరిపోతుంది. చిన్న డబ్బాలు కొంటే అన్నీ ఒకే బకెట్లో పోసి కలపండి, లేకపోతే గోడకో ఛాయ వస్తుంది.

ఇంకో జవాబు: గంధానికీ ఒక చిక్కుందండీ, రాత్రి లైటు. 6500 కెల్విన్ (లైటు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు ఛాయ) తెల్ల ఎల్ఈడీ కింద లేత గంధం పాలిపోయి కాస్త ఆకుపచ్చగా కొడుతుంది. 3000 గానీ 4000 గానీ పెట్టించండి. ముందు రెండడుగుల తెల్ల అట్టకు ప్రైమరు (అడుగు పూత), దాని మీద రంగు రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరాక గోడ గోడకీ ఆనించి చూడండి: పొద్దున, అయిదింటికి, రాత్రి లైటులో. తడిమీద చూసి తేల్చుకోవద్దు, ఎమల్షన్ ఆరాక ముదురుతుంది.

ప్రశ్న: గచ్చుకి అడుగు ఎత్తున గోడ మీద తెల్లపొడి లేస్తోంది. లప్పం (పుట్టీ) పెట్టేస్తే ఆగుతుందా?

జవాబు: ఆగదు, లప్పంతో సహా పెచ్చులూడుతుంది. అది ఉప్పు. గోడలో చెమ్మ బయటికొస్తూ దాన్ని మోసుకొస్తుంది. నీళ్లతో కడగొద్దు, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులపండి. తర్వాత ఒక ప్లాస్టిక్ షీటు నాలుగంచులా టేపుతో అంటించి ఒక రోజంతా ఉంచండి. లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే గోడ ఇంకా ఆరలేదు. చెమ్మ పైపు నుంచా, బాత్రూం గోడ నుంచా, బయట మట్టి నుంచా అన్నది పట్టుకుని ఆపాకే లప్పం. మన ఒంగోలు వైపు వానలు అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ, డిసెంబరులోనూ పడతాయి, కాబట్టి పని సంక్రాంతి దాటాక పెట్టుకోండి.